మా అత్త మాట కోసం ఆగిన రోజులు

మా అత్తది పెద్ద గొంతు. లంబాసా దగ్గర వునిమోలిలో చెరకు పొలం చేసుకునే రోజుల్లో ఆమె గుమ్మంలో నిలబడి పిలిస్తే పొలం అవతలి చివర చెరకు కొట్టేవాళ్లు తలెత్తి చూసేవారట. మామయ్య పోయాక ఆ పొలాన్నీ ఇంటినీ కూతురికీ అల్లుడికీ అప్పగించి, సముద్రం దాటి ఈ దీవిలో లౌటోకాలో ఉన్న మా దగ్గరికి వచ్చేసింది. నటబువాలో మా ఇల్లు చిన్నది. ఆమె వంటింట్లో నన్ను ఏదైనా అడిగితే పక్కింటివాళ్లు జవాబు చెప్పేవారు.

ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది నేను రెండో తరగతి చదువుతున్నాను. ఈ సంగతి జరిగేనాటికి నేనే పంతులమ్మను, ఇద్దరు పిల్లల తల్లిని. మా పుట్టింట్లో తెలుగు పూజ గది దాటి బయటికి వచ్చేది కాదు. మిగతాదంతా హిందీయే. అక్షరాలు మన దక్షిణాది వాళ్ల సంఘం నడిపే ఆదివారం తరగతిలో దిద్దాను గానీ, మాట మాత్రం మా అత్త దగ్గర, ఆమె పక్కన నిలబడి రొట్టెలు కాలుస్తూ నేర్చుకున్నాను. ఆమె మాట్లాడేది తెలుగూ హిందీ కలిసిన మాట, మధ్యలో ఫిజీ మాటలు. ఏది ఏ భాషో ఆమెకు పట్టింపు లేదు.

ఆ రోజు పొద్దున్న నేను బడికి చీర ఇస్త్రీ చేసుకుంటున్నాను. వంటింట్లోంచి ఆమె పిలిచింది. పిలుపు ఉంది గానీ అందులో మాట లేదు. ఏదో నలిగిన శబ్దం. వెళ్లేసరికి అప్పడాల కర్ర కింద పడి దొర్లుతోంది. ఆమె బల్ల అంచు ఎడమ చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. కుడి చెయ్యి పక్కన వేలాడుతోంది. నోరు ఒక వైపుకి జారింది. నా వైపు చూసి ఏదో చెప్పబోయింది. వచ్చిన శబ్దం విని నాకంటే ఆమే ఎక్కువ భయపడింది.

మా ఆయన చక్కెర మిల్లులో ఎలక్ట్రీషియను. రాత్రి షిఫ్టు దిగి అప్పుడే ఇంటికి వచ్చాడు. ఇద్దరం ఆమెను టాక్సీలో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాం. మెదడులో ఎడమ వైపు రక్తనాళం మూసుకుపోయిందన్నారు. ప్రాణానికి భయం లేదు, కుడి కాలూ చెయ్యీ మెల్లగా తేరుకోవచ్చు, మాట సంగతి మాత్రం ఇప్పుడే చెప్పలేం అన్నాడు డాక్టరు.

మర్నాడు ఆమె దాహమని సైగ చేసింది. వార్డులో పెద్ద నర్సు ఒకామె ఉండేది, స్థానిక ఫిజీ మనిషి, నెమ్మదస్తురాలు. చెంచాతో ఒక్క గుక్క నీళ్లు పోసి, చెయ్యి అత్త గొంతు మీద ఆనించి చూసింది. నీళ్లు దిగీ దిగకముందే అత్త ఉక్కిరిబిక్కిరై దగ్గింది. నర్సు చెంచా పక్కన పెట్టేసి, మంచం పైన చీటీ అంటించింది: నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదు. ముక్కులోంచి గొట్టం వేశారు.

చుట్టాలకు ఆ చీటీ నచ్చలేదు. ఉడికించిన దలో దుంపలు, పప్పు, హల్వా, ఎవరికి తోచింది వాళ్లు మూతల గిన్నెల్లో పట్టుకొచ్చారు. మా ఆయన ఆ గిన్నెల వైపూ తల్లి వైపూ చూసి, "మాయికి ఆకలేస్తోంది. తిండి పెట్టకపోతే బలం ఎట్లా వస్తుంది?" అని గొణిగాడు. అతను తల్లిని మాయి అనే పిలిచేవాడు, ఇక్కడి హిందీలో అందరూ పిలిచినట్టు.

"రేపు స్పీచ్ థెరపిస్టు వస్తుంది. ఆమె చూసేదాకా ఆగండి," అంది నర్సు.

ఆ రోజుల్లో మాకు ఆ మాటే కొత్త. ఎక్కడో న్యూజిలాండ్ నుంచి కొన్నాళ్ల కోసం వచ్చి, సువాలో ఉంటూ వారానికోసారి లౌటోకా వచ్చేదట. మాట నేర్పే మనిషి అంటే నేను పలకా బలపం లాంటిదేదో ఊహించుకున్నాను. ఆమె చిన్న చెంచా, రెండు గ్లాసులు, ఒక పొడి డబ్బా పట్టుకుని వచ్చింది.

"మాట కంటే ముందు మింగడం చూడాలి. మాట్లాడటానికీ మింగడానికీ పనిచేసేవి చాలావరకు అవే కండరాలు. అవి నీరసపడితే నీళ్లు పొట్టలోకి పోయే బదులు ఊపిరితిత్తుల్లోకి జారతాయి. అక్కడ చేరితే జ్వరం, న్యుమోనియా," అని ఇంగ్లీషులో నాకు చెప్పింది. నేను మా ఆయనకు హిందీలో చెప్పాను. అతను హల్వా గిన్నె మూత పెట్టేశాడు.

ఆమె అత్తను నిటారుగా కూర్చోబెట్టింది. గడ్డం కొంచెం ఛాతీ వైపు దించమంది. నీళ్లలో పొడి కలిపి జావలా చేసి, చెంచా కొసకు తీసుకుని నోట్లో పెట్టి, గొంతు మీద రెండు వేళ్లు ఉంచింది. గొంతు ముడి పైకి లేచి దిగేదాకా ఆగింది. మళ్లీ ఒకసారి మింగమంది. తర్వాత "ఆ" అనమంది. ఆ శబ్దంలో తడి గరగర వినిపిస్తే గొంతులో ఇంకా మిగిలి ఉన్నట్టు అని నాకు నేర్పింది. "పల్చనివి ఆమెకు అందకుండా పరుగెత్తుతాయి. చిక్కనివి నెమ్మదిగా వస్తాయి, అందుకోవడానికి టైము దొరుకుతుంది."

కొన్నాళ్లకు గొట్టం తీసేశారు. మెత్తగా మెదిపిన దలోలో కొబ్బరిపాలు కలిపి పెట్టేదాన్ని. గుమ్మడికాయ, బొప్పాయి గుజ్జు, పల్చబడకుండా ఉడికించిన పప్పు. ఇవన్నీ ఓపికగా తినేది. పేచీ అంతా టీ దగ్గర వచ్చింది. మా అత్తకు టీ అంటే ప్రాణం. నేను మొదటిసారి ఆ పొడి కలిపిన టీ చెంచాతో నోట్లో పెట్టినప్పుడు థెరపిస్టూ నర్సూ మా ఆయనా అందరూ అక్కడే ఉన్నారు. అత్త మింగింది. ముఖం ముడుచుకుంది. చెంచా వైపు చూసి, పాత గొంతుతో, వార్డంతా వినబడేలా అంది:

"సాలా!"

స్ట్రోకు తర్వాత ఆమె పలికిన మొదటి మాట అది. కోపమొస్తే పిల్లల్ని గాడిదలని కూడా తిట్టని మనిషి, శనివారం ఉపవాసం ఉండి భజనలో ముందు కూర్చునే మనిషి. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏమంది? దాని అర్థమేమిటి?" అని థెరపిస్టు ఆత్రంగా అడిగింది.

నాకేం చెప్పాలో తోచక, "భార్య తమ్ముడు," అన్నాను.

"ఎవరి భార్య?"

ఇక నర్సు ఆగలేక నవ్వేసింది. విషయం తెలిశాక థెరపిస్టు కూడా నవ్వింది. అత్త మా ముగ్గుర్నీ చూసి, జారిన నోటితోనే కొంచెం నవ్వింది. మా ఆయన ఒక్కడే నవ్వలేదు.

"తిట్టు, దేవుడి పేరు, బాగా అలవాటైన పాట, ఇలాంటివి ఒక్కోసారి వాటంతట అవే బయటికి వస్తాయి. మనం వెతుక్కుని చెప్పే మాటలు రావడం కష్టం. ఇది వచ్చింది కదా అని రేపటికల్లా అన్నీ వస్తాయనుకోకండి. కానీ గొంతు ఉంది, నాలుక కదులుతోంది, కోపం ఎవరి మీదో ఆమెకు బాగా తెలుసు. అది మంచి సంగతి," అంది థెరపిస్టు.

ఇంటికి వచ్చాక చాలా రోజులు అన్నిటికీ అదొక్కటే మాట. నీళ్లు కావాలన్నా సాలా, దుప్పటి కప్పమన్నా సాలా. మనవరాలు బడి నుంచి వస్తే ముద్దుగా, సాగదీసి సాలా. మాట వదిలేసి రాగం వినమని థెరపిస్టు చెప్పింది. కొన్నాళ్లకు దాహం సాలా ఏదో, చిరాకు సాలా ఏదో మా పిల్లలు కూడా పోల్చుకునేవారు.

భజన బృందం వాళ్లు చూడటానికి వచ్చినప్పుడు వాళ్ల పెద్దాయన ప్రసాదం చేతిలో పెడితే అత్త నమస్కారం పెట్టబోయి అదే మాట అంది. ఆయన ఏమీ అనుకోలేదు, "అట్లాగేనమ్మా, అట్లాగే," అని తల నిమిరాడు. కానీ అత్తకు ఏడుపు వచ్చేసింది. ఆ సాయంత్రం మా ఆయన, "ఇంక ఎవర్నీ రానివ్వకు. ముందు బాగవనీ, తర్వాత అందరూ వచ్చి చూస్తారు," అన్నాడు.

తర్వాతి వారం థెరపిస్టు ఇంటికి వచ్చినప్పుడు ఈ మాట చెప్పాను. ఆమె నన్ను కాదు, అతన్ని చూసి అడిగింది: "మనుషులు రాకపోతే ఆమె మాట ఎవరితో బాగుపడుతుంది?" భజన వాళ్లు మళ్లీ వస్తామంటే అతను వద్దనలేదు.

మాట మీద పని మొదలుపెట్టినప్పుడు థెరపిస్టు మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న, అత్త ఏ భాషలో మాట్లాడేది అని. నేను తెలుగన్నాను, మా ఆయన హిందీ అన్నాడు. "ఆమె బియ్యాన్ని ఏమంటుంది? ఉప్పుని? కత్తిని?" అని ఒక్కొక్కటే అడిగింది. బియ్యం తెలుగులో, కత్తి హిందీలో, దుంప ఫిజీ మాటలో, ఫ్రిజ్ ఇంగ్లీషులో వచ్చాయి. "అయితే ఆమె భాష అదే. నోట్లోంచి ఏది ముందు వస్తే అదే సరైన మాట. దిద్దకండి," అంది. ఇంట్లో వస్తువుల బొమ్మలు గీయించి, వాటితోనే అభ్యాసం చేయించింది. ఎడమ చేత్తో మోకాలి మీద తట్టుతూ మాటను ముక్కలుగా, పాట పాడినట్టు పలికించింది. బి-య్యం. పా-నీ.

అన్నిటికంటే కష్టమైన పని నాకు పెట్టింది. ఆగడం. ఒక్క ప్రశ్న అడిగి, రేడియో కట్టేసి, ఆమె ముఖం చూస్తూ నోరు మూసుకుని ఆగాలి. మొదటి అక్షరం వినగానే మిగతాది నేను అందివ్వకూడదు. అర్థం కాకపోతే అర్థమైనట్టు తలూపకూడదు. పంతులమ్మకు ఇది ఎంత శిక్షో చెప్పలేను. బడిలో పిల్ల ఒక్క క్షణం తడబడితే చాలు, మాట అందించేసే అలవాటు నాది. అత్త "బి" అని ఆగిపోతే నా నాలుక కొసన "బియ్యం" వచ్చి కూర్చునేది. ఆమె నుదురు ముడిపడేది, కళ్లు ఎక్కడో వెతికేవి. నేను చీర కొంగు నలుపుతూ కూర్చునేదాన్ని. ఆమె చెప్పబోయింది బియ్యం కాదు, బిల్లి అని తెలిసిన రోజున, అంటే పిల్లి నిజంగానే వంటింట్లో చేప మీదికి పోతోందని తెలిసిన రోజున, నాకు ఆగడం ఎందుకో కొంత అర్థమైంది.

మిల్లు సీజను అయిపోయింది. అత్త కర్ర పట్టుకుని వరండా దాకా నడిచేది. కొన్ని మాటలు వచ్చాయి. టీ కూడా కొంచెం పల్చబడింది, ఇప్పుడు అటుకుల పాయసంలా కాకుండా నూనెలా జారేది. అంతలో వునిమోలి నుంచి ఆ కబురు వచ్చింది.

మా ఆడపడుచు ప్రతి ఆదివారం అక్కడి దుకాణానికి వచ్చి ఫోను చేసేది. స్ట్రోకుకి ముందు తల్లీకూతుళ్లు గంటలు గంటలు మాట్లాడుకునేవారు. తర్వాత అత్త ఫోను చెవి దగ్గర పెడితే తోసేసేది. ఆ ఆదివారం ఆడపడుచు నాతోనే మాట్లాడింది. వదినను కాబట్టి నన్ను భౌజీ అనేది.

"భౌజీ, పొలం లీజు అయిపోయింది. భూమి సొంతదారులు మళ్లీ ఇవ్వరు. మేం లంబాసా టౌను పక్కన చిన్న జాగా చూసుకున్నాం. ఈ ఇల్లు ఎవరో వచ్చి కలపకీ రేకులకీ కొంటానంటున్నాడు. అన్నని అడుగు."

ఆ ఇల్లు అత్తా మామయ్యా కలిసి కట్టుకున్నది. చెక్క గోడలు, రేకుల కప్పు, నేలకు ఎత్తుగా గుంజల మీద నిలబెట్టినది. మా ఆయన, "అమ్మేయమను. ఇంకేం చేస్తాం?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మాయికి చెప్పకు. అర్థం కాదు. అర్థమైతే ఇంకా బాధ," అన్నాడు.

నాకు మనసొప్పలేదు. థెరపిస్టు వచ్చినప్పుడు అడిగాను. ఆమె గొంతులో ఎప్పుడూ లేని కటువుతనం వినిపించింది. "ఆమెకు పోయింది మాట. బుద్ధి కాదు. అది ఆమె ఇల్లు. ఆమె జవాబు చెప్పగలిగేలా అడగడం మీ పని."

ఎలా అడగాలో కూడా ఆమే చూపించింది. పాత క్యాలెండరు కాగితాల వెనక పెద్దగా బొమ్మలు గీశాను. ఒకదాంట్లో వేరే మనిషి చెక్కలు పట్టుకుపోతున్నాడు. ఒకదాంట్లో లారీ మీద చెక్కలు, పక్కన కొత్త జాగా, అక్కడ మా ఆడపడుచు. వాటి పక్కన అసలు ఇంటి ఫొటో పెట్టాను. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్త ఎదురుగా కూర్చున్నాను. మా ఆయన తలుపు దగ్గర కుర్చీలో ఇష్టం లేకుండానే కూర్చున్నాడు.

"అత్తా, పొలం లీజు అయిపోయింది. అక్కడ ఉండనివ్వరు."

ఆమె తలూపింది. ఫొటో మీద వేలు పెట్టి నా వైపు చూసింది.

"ఈ ఇల్లు ఏం చేద్దాం?"

బొమ్మలు ఒక్కొక్కటే చూపించాను. చాలాసేపు వాటినే చూసింది. పెదవులు కలిశాయి, విడిపోయాయి.

"అమ్మ..."

మేం ఆగాం. మళ్లీ అంది. "అమ్మ... అమ్మ..."

మా ఆయన లేచి వచ్చేశాడు. కళ్లలో నీళ్లు. "నానీ యాద్ ఆయిస్," అన్నాడు. ఆమెకు తన తల్లి గుర్తొచ్చిందని. మా అత్త తన తల్లిని అమ్మ అనే పిలిచేదని అతనికి తెలుసు. "మాయీ, నానీ ఎప్పుడో పోయింది కదా. ఏడవకు," అని చెయ్యి పట్టుకున్నాడు.

అత్త ఆ చెయ్యి విదిలించుకుంది. తల అడ్డంగా ఊపింది. నేను అతన్ని ఆగమని సైగ చేశాను. నాకు ఏదో అందివ్వాలనిపించింది, కానీ ఏం అందివ్వాలో నాకే తెలియదు. ఆమె ఊపిరి తీసుకుంది. ఎడమ అరచెయ్యి మోకాలి మీద పెట్టి, థెరపిస్టు నేర్పినట్టు తట్టింది.

"అ... మ్మొ... ద్దు."

మళ్లీ తట్టింది. ఈసారి కలిపి అంది. "అమ్మొద్దు."

"అమ్మొద్దా? ఇల్లు అమ్మొద్దా అత్తా?"

ఆమె తల ఎంత గట్టిగా ఊపిందంటే జడ ముడి ఊడిపోయింది.

"కా బోలిస్?" అన్నాడు మా ఆయన, ఏమందని.

"నై బేచో అంటోంది. ఇల్లు అమ్మొద్దంటోంది."

అతను అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. పుట్టి పెరిగిన ఇంటి భాషలో తల్లిని పిలిచే మాటకీ, అమ్మకం మాటకీ తేడా అతనికి అందలేదు. మేం మామూలుగా చేసినట్టు మొదటి సగం విని ఓదార్చి లేచిపోయి ఉంటే ఆ రెండో సగం ఆమె నోట్లోనే ఉండిపోయేది. అత్త లారీ బొమ్మ మీద వేలు పెట్టి, కొడుకు భుజం తట్టి, ఆ బొమ్మ మీద మళ్లీ వేలు పెట్టింది. విప్పి తీసుకెళ్లమని. లీజులు పోయినవాళ్లు కొందరు అలా చేస్తున్నారని ఆమెకూ తెలుసు.

ఈ మాట కూతురికి తనే చెప్పాలని పట్టుబట్టింది. నేను ఫోను ఎత్తబోతే నా చెయ్యి పక్కకి జరిపి తన ఛాతీ మీద వేలు పెట్టుకుంది. ఫోను అన్నిటికంటే కష్టమంది థెరపిస్టు. ముఖం కనబడదు, సైగ పనికిరాదు. అందుకని నన్ను తలుపు వెనక నిలబెట్టి, అత్తను గదిలో కూర్చోబెట్టి అభ్యాసం చేయించింది. నేను ఆడపడుచునై మాట్లాడాలి, ఆమె తల్లై జవాబివ్వాలి. తలుపు వెనక నిలబడి "ఎలా ఉన్నావు?" అని అడిగి, ఏమీ కనబడకుండా ఆగడం మరీ కష్టం. ఆడపడుచుకి కూడా ముందు ఆదివారం ఫోనులో చెప్పాను, తొందరపడకు, నువ్వు మాట అందివ్వకు అని.

తర్వాతి ఆదివారం ఫోను మోగింది. అత్త ఎడమ చేత్తో చెవి దగ్గర పెట్టుకుంది. అవతల ఏమందో మాకు వినబడలేదు.

"ఆఁ," అంది అత్త. కాసేపు ఆగింది. "నేను."

మా ఆయన గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"ఇల్లు." మోకాలి మీద తట్టింది. "అమ్మొద్దు." ఇంకోసారి తట్టింది. "విప్పు... లారీ... తీస్కపో." తర్వాత చాలాసేపు వింటూ ఉండిపోయింది. అవతల కూతురు ఏడుస్తోందని దూరంగా నిలబడ్డ మాకు కూడా తెలిసింది. అత్త ఏడవలేదు. ఎన్నో నెలల తర్వాత ఎవరికో పని పురమాయించిన మనిషిలా తీరిగ్గా కూర్చుంది.

థెరపిస్టు ఉండాల్సిన కాలం అయిపోయి వెళ్లిపోయింది. వెళ్లేముందు వార్డు నర్సుకూ నాకూ చాలా నేర్పింది. ఎవరికైనా స్ట్రోకు వచ్చి మింగలేకపోతే నర్సు అప్పుడప్పుడు నన్ను పిలిపించేది. నేను వెళ్లి ఆ ఇంటివాళ్లతో కూర్చుని, ఇంట్లో ఉన్న వాటితో ఎలా మెత్తగా వండాలో, ఎలా ఆగాలో చెప్పేదాన్ని. బడిలో కూడా నా తరగతి కొంచెం నెమ్మదించింది. నోరు విప్పని పిల్లలు ఇద్దరు ముగ్గురు ఆ ఏడాది విప్పారు.

అత్త మాట పూర్తిగా రాలేదు. చివరిదాకా చిన్న చిన్న ముక్కల్లోనే మాట్లాడింది, పేర్లు తప్పిపోయేవి. కానీ అన్నం అందరితో కలిసి తినేది. భజనలో చప్పట్లు కొడుతూ పల్లవి అందుకునేది.

బడి సెలవుల్లో బస్సూ ఓడా మారి అందరం లంబాసా వెళ్లాం. కొత్త జాగాలో పాత ఇల్లు సగం లేచి ఉంది. గుంజలు కొత్తవి, చెక్కలు పాతవి. అత్త కర్ర ఆనుకుని చుట్టూ నడిచి చూసింది. వంటింటి వైపు వచ్చి ఆగి, వడ్రంగికి కర్రతో ఏదో చూపించింది.

"కి... కి..."

వడ్రంగి మంచివాడే, తొందర మనిషి. "కిచెన్ ఇదే మాయీ. టీక్ హై, అంతా బాగుంటుంది," అని సుత్తి ఎత్తాడు.

మా ఆయన అతని చెయ్యి పట్టుకున్నాడు. "రుకో. బోలే దో," అన్నాడు. ఆగు, చెప్పనీ.

వడ్రంగి సుత్తి దించాడు. అందరం నిలబడ్డాం. ఎండ రేకుల మీద మెరుస్తోంది. అత్త కళ్లు మూసుకుని వెతుక్కుంది, ఎడమ చేత్తో తొడ మీద తట్టింది.

"కిటికీ," అంది. కర్ర ఎత్తి రోడ్డు వైపు చూపించింది. "అటు. అటు పెట్టు."

వడ్రంగి గోడ వైపూ రోడ్డు వైపూ చూసి, కొలత టేపు తీసుకుని అటు నడిచాడు.